రక్తపరీక్ష జోస్యం చెబుతుందా? – ఒక సంవాదం

ఒంట్లో చొరబడిన సూక్ష్మజీవిని తరిమేందుకు లేచిన శరీరం అదుపు తప్పి, తన కిడ్నీలను, కాలేయాన్ని, ఊపిరితిత్తులను తానే దెబ్బతీసుకునే స్థితిని సెప్సిస్ అంటారు. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనం సారం ఇదే. అంతకుముందు వాడుకలో ఉన్న ‘తీవ్ర సెప్సిస్’ అనే విభాగాన్ని ఆ బృందం తీసేసింది. అవయవాలు దెబ్బతింటేనే సెప్సిస్ అనాలి కాబట్టి ప్రతి సెప్సిసూ తీవ్రమైనదే. 2017కు సంబంధించిన అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చింది. 1 కోటి 10 లక్షల మంది చనిపోయారు. అంటే ఆ ఏడాది సంభవించిన ప్రతి ఐదు మరణాల్లో దాదాపు ఒకటి దీనితో ముడిపడినదే. ఇంత ప్రాణనష్టం ఉన్నచోట ‘ఎవరు గట్టెక్కుతారు, ఎవరు గట్టెక్కరు’ అన్న ప్రశ్న తప్పదు. ఆ జవాబు రక్తంలోనే ఉందని, సరైన పరీక్ష చేస్తే తెలుస్తుందని ఒక పక్షం అంటుంది. అంకెలను నమ్ముకుంటే మంచం మీది మనిషి కనపడకుండా పోతాడని మరో పక్షం అంటుంది. ఆ రెండు పక్షాలనూ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఒకరు ఆస్పత్రి ల్యాబ్‌ను నడిపే డాక్టర్, మరొకరు ఐసీయూ డాక్టర్. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. వాళ్ళు ప్రస్తావించే అధ్యయనాలు మాత్రం నిజమైనవి. ఈ వాదం ఎక్కడ తేలాలని నేననుకుంటున్నానో కూడా దాచను. రక్తంలోని అంకె తర్వాత చేయాల్సిన పనిని చెప్పగలదు. ఒక మనిషి ప్రాణం మీద తీర్పు చెప్పే అర్హత దానికి లేదు.

ల్యాబ్ డాక్టర్: డాక్టర్ గారూ, మీ మానిటర్ మీద బీపీ పడిపోకముందే మా ల్యాబ్‌లో ప్రమాదం కనిపిస్తుంది. జ్వరంతో వచ్చిన మనిషికి బీపీ 110 ఉంది, మాట్లాడుతున్నాడు, నడిచే వచ్చాడు. వార్డులో పడుకోబెడితే సరిపోతుందనిపిస్తుంది. అదే మనిషి రక్తంలో లాక్టేట్ లీటరుకు 4 మిల్లీమోల్స్ వస్తే ఆ ధీమా నిలవదు. ఆరోగ్యవంతుల్లో అది 2 లోపే ఉంటుంది. కణాలకు రక్తం సరిగా అందకపోయినా, శరీరం విపరీతమైన ఒత్తిడిలో పడినా, కాలేయం దాన్ని వదిలించలేకపోయినా లాక్టేట్ పేరుకుపోతుంది. 2016 నిర్వచనం సెప్టిక్ షాక్‌కు పెట్టిన కొలత కూడా ఇదే: సరిపడా సెలైన్ ఎక్కించాక కూడా బీపీ నిలబెట్టడానికి మందు కావాల్సి రావడం, దానితోపాటు లాక్టేట్ 2 దాటి ఉండటం. ఈ రెండూ కలిసినవాళ్ళలో నూటికి 40 మందికి పైగా ఆస్పత్రిలోనే చనిపోతున్నారు. ఇక మీరు రోజూ లెక్కగట్టే సోఫా స్కోరు సంగతి చూడండి. ఆరు అవయవ వ్యవస్థలకు మార్కులు వేస్తారు. అందులో ఆక్సిజన్ పీడనం, ప్లేట్‌లెట్లు, బిలిరుబిన్, క్రియాటినిన్ అనే నాలుగూ రక్తం నుంచి వచ్చేవే. రక్తాన్ని పక్కన పెడితే మీ స్కోరే నిలబడదు. అనుభవమున్న డాక్టర్ చూపును నేను తక్కువ చేయను. కానీ రాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీలో డ్యూటీ చేసేది చాలాసార్లు నిన్నమొన్న చదువు పూర్తిచేసిన పిల్లలు. వాళ్ళకు ఇరవై ఏళ్ళ అనుభవాన్ని ఒక్క రాత్రిలో ఇవ్వలేం. పది నిమిషాల్లో లాక్టేట్ ఫలితం ఇవ్వగలం.

ఐసీయూ డాక్టర్: మేడమ్, ఆ పిల్లలకు లాక్టేట్ ఇవ్వొద్దని నేననను. మీ మాటలోంచి మెల్లగా ఒక అడుగు ముందుకు పడుతోంది, దానికి నా అభ్యంతరం. ‘ఇలాంటివాళ్ళలో నూటికి 40 మంది పోతారు’ అన్నది గుంపు గురించిన మాట. నా ముందున్నది గుంపు కాదు, ఒక్క మనిషి. ఒక లెక్క వేసి చూపిస్తాను. మంచి రక్తపరీక్ష ఒకటి ఉందనుకుందాం. చనిపోబోయేవాళ్ళలో నూటికి 80 మందిని అది పట్టుకుంటుంది. బతికేవాళ్ళలో నూటికి 80 మందిని సరిగానే వదిలేస్తుంది. వంద మంది రోగుల్లో 30 మంది చనిపోయే ఐసీయూలో దాన్ని వాడదాం. ఆ 30 మందిలో 24 మందికి పరీక్ష ప్రమాదమంటుంది. బతికే 70 మందిలో కూడా 14 మందికి ప్రమాదమే అంటుంది. మొత్తం 38 మంది మీద ఎర్ర గీత పడింది. వాళ్ళలో 14 మంది ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళే. నూటికి పది మందే చనిపోయే వార్డులో ఇదే పరీక్ష వాడితే 26 మంది మీద గీత పడుతుంది, వాళ్ళలో 18 మంది బతుకుతారు. పరీక్ష మారలేదు, చోటు మారింది, గీతకున్న అర్థమే తలకిందులైంది. పైగా ఇంత కచ్చితమైన పరీక్ష కూడా మన చేతిలో లేదు. బ్రస్సెల్స్‌కు చెందిన పియెరాకోస్, విన్సెంట్ 2010లో 3,370 అధ్యయనాలు వడగట్టి 178 రక్తసూచికలను లెక్కబెట్టారు. రోజువారీ వైద్యంలో ధైర్యంగా వాడదగినంత కచ్చితత్వం వాటిలో ఒక్కదానికీ లేదని తేల్చారు. 2020లో మళ్ళీ లెక్కిస్తే అధ్యయనాలు 5,367కు, సూచికలు 258కి చేరాయి. నిజంగా జోస్యం చెప్పగల పరీక్ష ఒక్కటి దొరికి ఉంటే ఇన్ని వందల వెతుకులాట అవసరమయ్యేదా?

ల్యాబ్ డాక్టర్: మీ లెక్క తప్పని నేననను. ఒక్కసారి తీసిన రక్తంలో ఒక్క అంకె చూసి భవిష్యత్తు చెప్పకూడదని ఒప్పుకుంటున్నాను. కానీ మీరు పరీక్షను నిలబెట్టి చూస్తున్నారు. దాన్ని నడిపించి చూడండి. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగుల వద్ద మొదటి హెచ్చరిక, 48 వద్ద రెండోది, 53 వద్ద మూడోది ఇస్తారు. నీటిమట్టం 48 అడుగులని వినగానే అక్కడివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘పెరుగుతోందా, తగ్గుతోందా’ అని. అంకె ఒకటే అయినా పెరిగే 48 వేరు, తగ్గే 48 వేరు. సెప్సిస్‌లోనూ అంతే. 2001లో బ్రస్సెల్స్ ఐసీయూలో 352 మంది రోగుల సోఫా స్కోరును రోజురోజుకూ గమనించారు. వాళ్ళంతా సెప్సిస్ రోగులే కాకపోయినా పాఠం మనకు పనికొస్తుంది. మొదటి స్కోరు ఎంతైనా సరే, తొలి నాలుగు రోజుల్లో స్కోరు పెరిగినవాళ్ళలో కనీసం సగం మంది చనిపోయారు. తగ్గినవాళ్ళలో మరణాలు 27 శాతం కంటే తక్కువే. ప్రోకాల్సిటోనిన్‌దీ అదే కథ. బ్యాక్టీరియా దాడి మొదలైన కొన్ని గంటల్లోనే పెరిగే ఈ ప్రోటీన్, దాడి సద్దుమణిగితే రోజుకు దాదాపు సగం చొప్పున పడిపోతుంది. సెప్సిస్ రోగుల మీద అమెరికాలోని 13 ఆస్పత్రుల్లో జరిగి 2017లో వెలువడిన మోజెస్ అధ్యయనంలో, నాలుగో రోజుకు ఇది 80 శాతానికి మించి తగ్గినవాళ్ళలో మరణాలు 10 శాతం, అంతగా తగ్గనివాళ్ళలో 20 శాతం. ఒక రోజు ఫలితం ఫోటో లాంటిది అనుకుంటే, వరసగా తీసిన ఫలితాలు రోగి ఎటు నడుస్తున్నాడో చూపిస్తాయి. మీ చికిత్స పనిచేస్తోందా లేదా అన్నది ఇంతకన్నా సూటిగా మీకు ఎవరు చెబుతారు?

ఐసీయూ డాక్టర్: దిశ ముఖ్యమన్న మాట బాగుంది. అయితే ఆ దిశను మార్చడమే వైద్యమనుకోవడంలో ప్రమాదం ఉంది. లాక్టేట్‌నే తీసుకోండి. అది పెరిగితే కణాలకు రక్తం అందట్లేదని, ఇంకా సెలైన్ ఎక్కించాలని మా జూనియర్ల చేయి ముందుకు పోతుంది. కానీ ఒత్తిడిలో శరీరం విడుదల చేసే అడ్రినలిన్ కూడా, ఆక్సిజన్‌కు ఏ కొరతా లేకపోయినా కండరాల్లో లాక్టేట్ పుట్టిస్తుంది. ఆయాసానికి పెట్టే సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ కూడా దాన్ని పెంచుతుంది. కాలేయం చెడిపోయిన మనిషిలో పుట్టింది పోకుండా నిలిచిపోతుంది. అన్నిటికీ సెలైనే మందు అనుకుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 2019లో వెలువడిన ఆండ్రోమెడా-షాక్ పరిశోధన ఈ విషయాన్నే పరీక్షకు పెట్టింది. దక్షిణ అమెరికాలోని ఐదు దేశాల్లో, 28 ఐసీయూల్లో, 424 మంది సెప్టిక్ షాక్ రోగులు. సగం మందికి రెండు గంటలకోసారి లాక్టేట్ చూసి, అది దిగేలా చికిత్స చేశారు. మిగతా సగం మందికి వేలి కొస చూశారు. కుడి చూపుడు వేలి లోపలి వైపున, చివరి కణుపు మీద గాజు పలక పెట్టి, చర్మం తెల్లబడేదాకా నొక్కి, పది సెకన్లు అలాగే ఉంచి వదిలేస్తారు. మూడు సెకన్లలోపు రంగు తిరిగొస్తే రక్తప్రసరణ బాగున్నట్టు. అరగంటకోసారి ఇంతే. 28 రోజులు తిరిగేసరికి లాక్టేట్ వర్గంలో 43.4 శాతం, వేలి వర్గంలో 34.9 శాతం చనిపోయారు. పైసా ఖర్చు లేని గాజు పలక ముందు మీ మిషన్ గెలవలేదు మేడమ్. డెన్మార్క్‌లో 1,200 మంది మీద చేసిన పాస్ పరిశోధన ఇంకా గట్టి పాఠం చెప్పింది. ప్రోకాల్సిటోనిన్ అనుకున్నంత దిగకపోతే వెంటనే ఇంకా బలమైన యాంటీబయాటిక్స్ వేశారు. మరణాలు తగ్గలేదు: అటు 31.5, ఇటు 32 శాతం. వెంటిలేటర్ మీద, ఐసీయూలో ఉన్న రోజులు మాత్రం పెరిగాయి. ఆ అంకెను వెంటాడినందుకు రోగులు నష్టపోయారు.

ల్యాబ్ డాక్టర్: ఆండ్రోమెడా ఫలితాన్ని ఉన్నంతవరకే తీసుకుందాం. ఆ తేడా గణాంకాల గీతను కొద్దిలో దాటలేదు. అది కాకతాళీయం కాదని ఆ ఒక్క పరిశోధనతో నిర్ధారించలేమని దాన్ని చేసినవాళ్ళే ఒప్పుకున్నారు. వేలి పరీక్షను 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు అదనపు సాయంగా వాడమన్నాయి, లాక్టేట్‌ను తీసేయమనలేదు. ఫలితం తేడాగా వచ్చినప్పుడు రక్తం తీసిన తీరును కూడా ఒకసారి చూడండి. ట్యూబులో పోశాక కూడా ఎర్రరక్తకణాలు లాక్టేట్ తయారుచేస్తూనే ఉంటాయి. బూడిదరంగు మూత ట్యూబులో పోయకుండా, ఐసు మీద పెట్టకుండా, వార్డు బల్ల మీద గంటసేపు వదిలేసి పంపితే ఫలితం ఎక్కువే వస్తుంది. ఆ తప్పు పరీక్షది కాదు. ఇక పాస్ పరిశోధన గురించి మీరు చెప్పింది నిజం, కానీ ప్రోకాల్సిటోనిన్ కథ అక్కడితో ముగియలేదు. దాన్ని మందు పెంచడానికి వాడితే ఓడిపోయింది. ఆపడానికి వాడినప్పుడు గెలిచింది. నెదర్లాండ్స్‌లోని 15 ఆస్పత్రుల్లో 1,500 మందికి పైగా రోగులతో సాప్స్ పరిశోధన జరిగింది. ప్రోకాల్సిటోనిన్ తన గరిష్ఠ స్థాయి నుంచి 80 శాతం తగ్గినా, లేదా 0.5కు దిగినా, యాంటీబయాటిక్ ఆపమని డాక్టర్‌కు సలహా ఇచ్చారు. మందు వాడిన రోజులు ఏడు నుంచి ఐదుకు తగ్గాయి. 28 రోజుల మరణాలు 25 శాతం నుంచి దాదాపు 20 శాతానికి తగ్గాయి. బ్రిటన్‌లోని 41 ఐసీయూల్లో 2,760 మందితో చేసిన అడాప్ట్-సెప్సిస్ కూడా, ఇదే పద్ధతిలో మందు రోజులు తగ్గించినా ప్రాణాలకు ముప్పు పెరగలేదని చూపింది. అక్కడే సీఆర్‌పీ అనే మరో రక్తసూచికతో ప్రయత్నిస్తే రోజులు తగ్గలేదు. అంటే ఏ అంకెను ఏ నిర్ణయానికి వాడుతున్నామన్నదే అసలు విషయం. యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి ప్రోకాల్సిటోనిన్ కోసం ఆగొద్దనీ, ఆపడానికి మాత్రం దాని సాయం తీసుకోవచ్చనీ 2021 మార్గదర్శకాలు చెప్పడం ఇందుకే. మందులకు లొంగని బ్యాక్టీరియా మన ఐసీయూల్లో ఎంతగా పాతుకుపోయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కర్లేని రెండు రోజుల మందు తగ్గించగల పరీక్ష మనకు చిన్న విషయం కాదు.

ఐసీయూ డాక్టర్: ఇక్కడ మనం దగ్గరకొస్తున్నాం. కానీ రెండు విషయాలు చెప్పకుండా ఒప్పుకోలేను. మొదటిది: మరణాన్ని సూచించేదల్లా మరణానికి కారణం కాదు. సెప్సిస్ రోగుల్లో ప్రోటీన్-సి పడిపోతుంది. ఎంత పడితే అంత ప్రమాదం. ఆ లోటు పూడిస్తే బతికిపోతారని తయారుచేసిన మందు జైగ్రిస్. 2001లో 1,690 మంది మీద జరిగిన పరిశోధనలో మరణాలు 30.8 నుంచి 24.7 శాతానికి దిగాయి. ఆ ఏడాదే అమెరికాలో అనుమతి దొరికింది. తర్వాత సెప్టిక్ షాక్ రోగుల మీద మళ్ళీ పరీక్షిస్తే మందు తీసుకున్నవాళ్ళలో 26.4, తీసుకోనివాళ్ళలో 24.2 శాతం చనిపోయారు. ప్రోటీన్-సి బాగా పడిపోయినవాళ్ళను విడిగా లెక్కించినా మేలు రుజువు కాలేదు. 2011 అక్టోబర్‌లో కంపెనీ మందును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. పదేళ్ళపాటు ప్రపంచం ఒక అంకెను పూడ్చబోయి, రక్తస్రావం ప్రమాదమున్న మందును రోగులకు ఎక్కించింది. రెండోది ఇంకా బరువైనది. మన దగ్గర ఐసీయూ బిల్లు చాలా ఇళ్ళలో అప్పు చేసి కట్టేదే. పెద్దాయన గది బయట కొడుకు, కూతురు నిలబడి ‘డాక్టర్ గారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆశ ఉందా’ అని అడుగుతారు. అప్పుడు డాక్టర్ కాగితం తీసి ‘ఇదిగో, ప్రోకాల్సిటోనిన్ వంద దాటింది, లాక్టేట్ 8 ఉంది’ అంటే వాళ్ళు దాన్ని తీర్పుగానే వింటారు. సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్తారు. మనిషి దారిలో పోతాడు. రికార్డులో ఆ అంకె నిజమైనట్టు కనిపిస్తుంది. అయితే మనిషిని చంపింది అంకె సూచించిన జబ్బా, అంకె విని ఆపేసిన వైద్యమా? ఆ తేడా ఏ అధ్యయనమూ తర్వాత విడదీయలేదు. నేను ఆ పద్నాలుగు మంది గురించి మాట్లాడుతున్నాను మేడమ్. ఎర్ర గీత పడ్డా బతకాల్సినవాళ్ళు వాళ్ళు.

ల్యాబ్ డాక్టర్: ఆ రెండో మాటకు నా దగ్గర ఎదురువాదం లేదు. వైద్యం ఆపడానికి ఒక్క రక్తపరీక్ష ఎప్పుడూ కారణం కాకూడదు. కానీ మొదటిదానికి జవాబుంది. జైగ్రిస్ కథ చెప్పేది, సూచిక దొరికినంత మాత్రాన మందు దొరికినట్టు కాదని. సూచిక పనికిరాదని కాదు. ఏ మందు ఎవరికి పనిచేస్తుందో ఏరడానికి దాన్ని వాడవచ్చు. 2021లో కోవిడ్ రోజుల్లో తెలుగు ఇళ్ళలో సీఆర్‌పీ, డీ-డైమర్, ఐఎల్-6 అన్న రక్తపరీక్షల పేర్లు నోటికొచ్చేశాయి. రిపోర్టు ఫోటోలు వాట్సాప్‌లో తిరిగాయి. అంకె కాస్త ఎక్కువుంటే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం ఊళ్ళు తిరిగారు. ఆ గందరగోళంలో అందరికీ అవసరమైన ప్రశ్నకు జవాబు చెప్పింది బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన. కోవిడ్‌తో ఆక్సిజన్ తగ్గి, దానితోపాటు సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ఉన్న 4,116 మందిని తీసుకుంది. ఆ మందు ఇచ్చినవాళ్ళలో 31 శాతం, ఇవ్వనివాళ్ళలో 35 శాతం చనిపోయారు. అదే ఏడాది వెలువడిన సేవ్-మోర్ పరిశోధనలో గ్రీస్, ఇటలీ డాక్టర్లు సుపార్ అనే సూచిక మిల్లీలీటరుకు 6 నానోగ్రాములు లేదా అంతకుమించి ఉన్న కోవిడ్ న్యుమోనియా రోగులనే ఎంచుకుని, వాళ్ళకు అనకిన్రా అనే మందు ఇచ్చారు. 28 రోజుల మరణాలు 6.9 నుంచి 3.2 శాతానికి తగ్గాయి. రెండుచోట్లా అంకె చేసిన పని ఒకటే: ఈ మందు ఎవరికి ఇవ్వాలో చెప్పడం. అసలు సెప్సిస్ ఒకే జబ్బు కాదు. ఒకరిలో రక్షణ వ్యవస్థ మితిమీరి రగులుతుంది. మరొకరిలో అది చచ్చుబడి, చిన్న సూక్ష్మజీవి కూడా మీదపడుతుంది. ఇద్దరికీ ఒకే మందు వేసి, సగటు తీసి, మందు పనిచేయలేదని ఎన్నో పరిశోధనలు మూసేశాం. ఆ ఇద్దరినీ కంటితో వేరుచేయలేం డాక్టర్ గారూ. రక్తమే వేరుచేయగలదు.

ఐసీయూ డాక్టర్: అయితే మన ఒప్పందం ఇలా ఉండాలి. ఏ పరీక్ష రాసినా, ఎంత వస్తే ఏం మారుస్తామో ముందే అనుకుని రాయాలి. లాక్టేట్ రెండు గంటల్లో దిగకపోతే మళ్ళీ సెలైన్ పెట్టేముందు గుండె పనితీరు, వేలి కొస, ఇన్ఫెక్షన్ మూలం మళ్ళీ చూస్తాను. కడుపులో చీము ఉంటే సర్జన్‌ను పిలుస్తాను. ప్రోకాల్సిటోనిన్ 80 శాతం దిగి, మనిషి కూడా కుదుటపడితే యాంటీబయాటిక్ ఆపుతాను. క్రియాటినిన్ పెరుగుతుంటే కిడ్నీ మీద పడే మందు మోతాదు తగ్గిస్తాను. ఎంత వచ్చినా నేను చేసేది మారదనుకుంటే ఆ పరీక్ష రాయను. దాని ఖర్చు ఆ కుటుంబానికి మిగులుస్తాను.

ల్యాబ్ డాక్టర్: నా వైపు నుంచి కూడా ఒక షరతు. ఫలితం ఎంత త్వరగా ఇస్తామో, ఎన్నిసార్లు ఇస్తామో ల్యాబ్ మాట ఇవ్వాలి. ఉదయం తీసిన రక్తం ఫలితం సాయంత్రం ఇస్తే అది చికిత్సకు పనికిరాదు, ఫైలులోనే ఉండిపోతుంది. రిపోర్టులో నిన్నటి అంకె, మొన్నటి అంకె పక్కపక్కనే అచ్చువేస్తాం. ఒంటరి అంకెను మీ చేతిలో పెట్టం.

వాళ్ళిద్దరి మాటా ఇక్కడ కలిసింది. దీనికి వచ్చే రెండు అభ్యంతరాలకు రచయితగా నేను జవాబు చెప్పాలి. మొదటిది కుటుంబాల గురించి. ‘అంకె తీర్పు కాదంటే, బతుకుతాడా లేదా అని అడిగినవాళ్ళకు ఏం చెప్పాలి? నిజం దాచాలా?’ దాచకూడదు. కానీ చెప్పాల్సిన నిజం ఒక్క రోజు రిపోర్టులో ఉండదు. ‘ఈ రోజు పరిస్థితి ప్రమాదకరంగా ఉంది. ఈ చికిత్స మొదలుపెట్టాం. రెండు మూడు రోజుల్లో లాక్టేట్ దిగుతుందా, మూత్రం వస్తుందా, బీపీ మందు తగ్గించగలమా అని చూస్తాం. ఆ తర్వాత మీతో మళ్ళీ కూర్చుని మాట్లాడతాం’ అని చెప్పడమే నిజాయితీ. గడువు పెట్టి, గడువు లోపల ఏం చూస్తామో చెప్పి, గడువు తీరాక చూసింది చూసినట్టు చెప్పే పద్ధతి ఇది. గడువు తీరాక అవయవాలన్నీ ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తే, అప్పుడు వైద్యం ఎంతవరకు అన్న మాట కూడా గౌరవంగా మాట్లాడుకోవచ్చు. వయసు, ముందునుంచి ఉన్న జబ్బులు, ఆ మనిషి ఎలా బతకాలనుకునేవాడన్న సంగతి, చికిత్సకు వచ్చిన స్పందన అన్నీ కలిసి ఆ నిర్ణయానికి రావాలి. వాటిలో రక్తపరీక్ష ఒక సాక్షి మాత్రమే.

రెండో అభ్యంతరం స్తోమత గురించి. ఇవన్నీ పెద్ద నగరాల ఆస్పత్రుల ముచ్చట్లు, జిల్లా కేంద్రంలో ఏం సాధ్యమని అడగవచ్చు. నేను పైన తేల్చిన వాదం నిజానికి చిన్న ఆస్పత్రికే ఎక్కువ బలమిస్తుంది. క్రియాటినిన్, బిలిరుబిన్, ప్లేట్‌లెట్ పరీక్షలకు ఖరీదైన కొత్త సూచికలేవీ అక్కర్లేదు. వాటిని ఒకసారి చేసి వదిలేయకుండా రోజూ చేసి వరసగా రాస్తే, ప్రమాదం ఎటు పోతోందో చాలావరకు తెలుస్తుంది. వేలి కొస నొక్కి చూడటానికి గాజు పలక, గడియారం చాలు. లాక్టేట్ చెప్పే చిన్న మిషన్ క్యాజువాలిటీలోనే ఉంటే, బీపీ బాగుందన్న భరోసాతో వార్డుకు పోబోయే మనిషిని సరైన సమయంలో ఆపవచ్చు, పెద్దాస్పత్రికి పంపాల్సి వస్తే గంటలు వృథా కాకుండా పంపవచ్చు. చేరిన రోజే పది పదిహేను సూచికల ప్యాకేజీ ఒకటి రాసి, మళ్ళీ ఏదీ చేయకుండా వదిలేసే పద్ధతి వల్ల బిల్లు పెరుగుతుంది, రోగికి మేలు జరగదు. రక్తసూచికల మీద పరిశోధన ఆపమని నేననను. శరీరం రగులుతోందా, చచ్చుబడిందా అని వేరుచేసే పరీక్షలు మంచం దగ్గరకు వస్తే సెప్సిస్ వైద్యమే మారిపోతుంది. కానీ ప్రతి కొత్త సూచికనూ ఒకే ప్రశ్న అడగాలి. ఎవరు చనిపోతారో ఎంత బాగా చెబుతావన్నది ఆ ప్రశ్న కాదు. నిన్ను చూసి వైద్యం మార్చినవాళ్ళలో, చూడకుండా వైద్యం చేసినవాళ్ళ కంటే ఎక్కువమంది బతికారా అని అడగాలి. సాప్స్ వంటి పరిశోధనల్లో ఆ ప్రశ్నకు నిలబడ్డ సూచికలను మన ఐసీయూల్లో రోజూ వాడాలి. నిలబడని సూచికలు ఎంత ఖరీదైనవైనా, ఎంత కొత్తవైనా, వాటిని చూపించి ఏ కుటుంబాన్నీ మనిషిని ఇంటికి తీసుకెళ్ళమని చెప్పకూడదు.